తిప్పక్క తీసిన బల్బు

అక్కులప్ప చేత్తో బిగించిందాన్ని ఆ ఊర్లో ఇంగొకరు ఊడదీసింది లేదంట. ధర్మవరం దాటి ఇంగా లోపలికి పోతే నేసేపల్లె అని మగ్గాలోల్ల ఊరొకటి ఉండాది, ఆ ఊరాయన. మనిషిని చూస్తే ఏముండాడు, గట్టిగా గాలొస్తే పడిపోయేటట్లుంటాడు. ఆ చేతులుండాయి చూడు, అవి మాత్రం పట్టుకార్లనుకో. ఊరగాయ జాడీకి ఆయన మూత పెట్టినాడంటే, ఆయన ఇంట్లో లేనప్పుడు ఊరగాయ ఉండీ లేనట్టే. మేకను గుంజకు కట్టేస్తే సాయంత్రానికి ముడి ఇప్పలేక తాడు కోయాల్సిందే. పెండ్లాం పేరు తిప్పక్క. ఆయమ్మ జాడీని చంకన పెట్టుకోని ఈదంతా తిరిగి, ఎవరైనా ఈ మూత తీసిపెట్టండప్పా అని అడుక్కునేదంట. కొంచెం వదులుగా పెడితే ఏం పోతాదయ్యా అంటే, వదులుగా పెట్టింది ఏదీ నిలబడదు మే అనేవాడంట. ఎప్పుడూ అదే మాట. నవ్వుతాండావేమ్మే సాలమ్మా, మీ ఇంట్లోనూ అంతేనా? సరేలే, చేతులు ఆపొద్దు, కాయలు ఒలుస్తా ఇనండి.

ఇంగ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాల మీకు. ఆ ఊర్లో చౌడమ్మ తల్లికి జాతరనాడు పట్టుచీర కడతారు. అంగట్లో కొన్నది పనికిరాదు, ఆ ఊరి మగ్గం మీదనించి దిగిందే కట్టాల. ఇంటికొక వంతు. ఈ యేడు ఈ ఇల్లు, వచ్చే యేడు పక్కిల్లు, అట్లా ఊరంతా తిరిగి మల్లా మొదటింటికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఉయ్యాల్లో ఉన్నోల్లకు పిల్లలు పుట్టింటారు. మొగుడూ పెండ్లాం ఇద్దురూ మగ్గం గుంతలో పక్కపక్కన కూర్చోని నెయ్యాల. చీర ఒంటికి నాడె మొగోడు ఇసురుతాడు, అంచుకు నాడె ఆడమనిషి ఇసరాల. నాడె అంటే దారం కడుపులో పెట్టుకోని ఇటునించి అటు పరిగెత్తుతాదే, అది. మీరు సేద్యగాల్లు గదా, అందుకని చెప్తాండా. తిప్పక్క కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆ ఇంటికి వంతు వచ్చిందంట. అయితే ఏమైందంటే, ఆయమ్మ అప్పుడు నిండు చూలాలు. పురిటికని పుట్టింటికి తోలినారు. బిడ్డనెత్తుకోని తిరిగొచ్చేసరికి జాతరా అయిపాయ, చీరా కట్టేసినారు. అంచు నాడె అత్త ఇసిరిందంట. ఎట్లుండె అత్తా చీర అని అడిగితే, చీర మాదిరే ఉండె అనిందంట ఆ ముసలామె. అప్పట్నించి తిప్పక్క మనసులో అది ముల్లు మాదిరి ఉండిపాయ. ప్రతి యేడూ ఎవరో ఒకామె తను నేసిన చీరను అమ్మవారి ఒంటిమీద చూసుకోని మురిసిపోతాంటే, ఈమె పక్కన నిలబడి, బాగుండాది వదినా, బాగుండాదక్కా అనేది. అంతే. ఇంటికొచ్చి ఆ మాట ఎత్తేదే కాదు. అత్త పోయె, బిడ్డలకు పెండ్లిండ్లు అయిపాయ, తల నెరిసె. అప్పుడొచ్చిందంట మల్లా వంతు.

కులపెద్ద చెన్నరాయప్ప ఇంటికొచ్చి తాంబూలం ఇచ్చిపోయిన నాడు తిప్పక్క మగ్గం చుట్టూ అలికి, ముగ్గేసి, పసుపు పెట్టిందంట. ఏం రంగు నేద్దాం అని అక్కులప్ప అడిగితే, అడగడమే ఆలస్యం, మిరపపండు ఎరుపు, చిలకపచ్చ అంచు, అంచులో మామిడిపిందెలు అనిందంట. ఎన్నాల్లనించి మనసులో నేసి పెట్టుకోనిందో ఏమో. ఇద్దురూ గుంతలోకి దిగినారు. పిల్లలు పెద్దోల్లయినాక ఆయమ్మ అంచు పట్టల్యా, శానా కాలమైంటాది, కానీ చెయ్యి మర్చిపోతాదా? మొగుడు ఒక నాడె, పెండ్లాం ఒక నాడె, టకా టకా టకా టకా. నేస్తా నేస్తా ఆయమ్మ ఏదో పాట కూనిరాగం తీసేదంట. మామూలుగా అయితే అక్కులప్ప పనికాడ పాటలేంది అని కసిరేవాడే. ఈ తూరి ఏమీ అనల్యా. ఒకనాడు ఆమె పాట ఆపితే, ఏం మే ఆపేస్తివి అని తనే అడిగినాడంట. అట్లా చీర నడుము దాటింది. ఇంగ కొంగు నెయ్యాల, అంత వరకు వచ్చినాక, ఒక పొద్దున వాల్లు ఇట్లా కూర్చున్నారో లేదో, పైన బల్బు టప్పుమనింది. మగ్గమిల్లు చీకటైపాయ.

మగ్గమింట్లో పగలు గూడా చీకటే. ఎండ తగిలితే పట్టు రంగు ఎలిసిపోతాదని పెద్ద కిటికీలు పెట్టరు. కరెంటు ఊరికి కొత్తగా వచ్చినప్పుడు అక్కులప్ప నాయన దూలానికి ఒక కట్టె బిల్ల కొట్టించి, దానికి ఇత్తడి హోల్డరు పెట్టించినాడంట. సరిగ్గా మగ్గం మీద పరిచిన దారాలుంటాయే, పడుగంటారు, ఆ పడుగు నడిమధ్యన. ఆడుంటేనే నేసేవాని చెయ్యి నీడ దారం మీద పడదు. సరే, బల్బు పోతే ఏముండాది, కొత్తది తెచ్చి పెడితే సరిపాయ గదా అని మనోడు అంగటికి పోయి బల్బు తెచ్చె, స్విచ్చి ఆపె, స్టూలెక్కె, పట్టుకోని తిప్పె. రాల్యా. తువ్వాలు చుట్టి తిప్పె. రాల్యా. పండ్లు బిగబట్టి, కిందికి గుంజుతా ఒక తిప్పు తిప్పినాడంట, బల్బు కదలల్యా గానీ పైన కట్టె బిల్ల కిర్రుమనింది. మట్టిమిద్దె గదా, సున్నం పెచ్చు ఒకటి ఊడి, పొడిపొడిగా వచ్చి ఆ ఎర్రటి పట్టు మీద పడింది.

తిప్పక్క దిగయ్యా అనింది. ఇంగొక్క పట్టు పడితే వస్తాది మే అన్నాడు. దిగమంటాండా అనింది. ఆయమ్మ ఎప్పుడూ గొంతు పెంచే మనిషి గాదు, అప్పుడూ పెంచల్యా, కానీ ఆ గొంతు ఇని అక్కులప్ప దిగినాడంట. దిగినాక చెప్పింది. "అది నీ చేతిలో పగిలితే ఆ గాజంతా చీర మీద పడతాది. పెద్ద పెంకులు ఏరుకుంటాం, సరే. కంటికి కనపడని రవ్వ ఒకటి దారాల సందులో ఉండిపోతే? మనం నేసేస్తాం, మడత పెడతాం, తీసకపోయి తల్లికి కట్టేస్తాం. అమ్మ ఒంటికి గాజు గుచ్చుతామా మనం?" చీర మీద దుప్పటి కప్పొచ్చు గదా అంటారేమో మీరు. కప్పినారు. అయితే మగ్గానికి పైనుంచి నూర్ల తాల్లు దిగి ఉంటాయి, ఆ తాల్ల చుట్టూ ఎంత సర్ది కప్పినా సందులు ఉండనే ఉంటాయి. చీరను మగ్గం మీదనించి దించేదానికి లేదు, మగ్గాన్ని జరిపేదానికి లేదు. బల్బు ఒకటి పైన కూర్చోని కిందున్నోల్లను ఆడిస్తాండాది అనుకో.

ఊర్లో ఒక ఇంటి సంగతి ఇంగొక ఇంటికి తెలిసేదానికి ఎంతసేపు? జనం వచ్చినారు. ఒకామె కిరసనాయిలు పొయ్యమనింది. పోస్తే చుక్క కారి పట్టుమీద మరక పడదా? ఒకాయన వేన్నీల్లలో గుడ్డ ముంచి చుట్టమనె. ఇంగొకాయన బల్బును ఎండబెట్టమనె, దూలానికి ఉన్నదాన్ని ఎండలో ఎట్లా పెడతారో ఆయనకే తెలియాల. ముసలోడొకడు గడపలో కూర్చోని, మా కాలంలో బల్బులే లేవు, ఈ బాధే లేదు అని చెప్పి, మజ్జిగ తాగి పోయినాడంట. కడాకు హుసేనప్ప వచ్చె. ఆ చుట్టుపక్కల ఇండ్లకు కరెంటు పనులు చేసేది ఆయనే, మంచోడు. ఎక్కి చూసినాడు. తుప్పు పట్టి కరుచుకోనుండాది మామా, ఇట్లాంటివి నేనైతే గాజు పగలగొట్టి, లోపల మిగిలిన మూతిని కటింగ్ ప్లేరుతో తిప్పి తీస్తా అన్నాడు. వద్దనింది తిప్పక్క. పోనీ హోల్డరే ఊడబెరికి కొత్తది పెడదామా అంటే, మేకుల తలలు అరిగిపోయినాయి, సుత్తి ఎయ్యాల, దెబ్బ ఏసినామంటే మిద్దె మన్ను సగం చీర మీదికే వస్తాది. అదీ వద్దనింది. హుసేనప్ప తల గోక్కోని, సరే అత్తా, ఇప్పటికి పని ఆగకుండా పక్కనించి వైరు లాగి ఇంగొక బల్బు తగిలిస్తా, చీర దిగినాక దాని సంగతి చూద్దాం అని, గోడకు మేకు కొట్టి ఒక బల్బు ఏలాడగట్టి పోయినాడు.

బాగానే ఉండాది గదా అనుకున్నారు. కూర్చోని నేసినారు. పొద్దుగూకుతాంటే తిప్పక్క అనుమానమొచ్చి ఆ గోడ బల్బు చేతికి తీసుకోని దగ్గరగా పెట్టి చూసింది. చూస్తే ఏముండాది, అంచులో మామిడిపిందెలకు తోకలు లేవు. పక్కనించి వచ్చే ఎలుతురుకు ఆమె చెయ్యి నీడ సరిగ్గా అంచు మీద పడి, పచ్చదారం ఎత్తాల్సిన చోట ఇంగొక దారం ఎత్తింది. పొద్దున్నించి నేసిందంతా తప్పే. తెల్లారినాక ఇద్దురూ కూర్చోని, నేసిందాన్ని దారం దారం ఊడదీసినారు. నెయ్యడం కంటే ఊడదీయడం కష్టం తల్లీ, పట్టు చెదరకూడదు, నలగకూడదు. ఆ పనంతా తిప్పక్కే చేసింది. అక్కులప్ప చెయ్యి పెడితే తెగుతాదని ఆయనకే తెలుసు, ఊరికే పక్కన కూర్చోని దారం చుట్టుకుంటా ఉండినాడు. జాతర చూస్తే దగ్గర పడతాండాది. ఆయప్పకు ఆ పైనున్న బల్బును చూస్తే చేతులు ఊరుకోవు, ఎక్కి ఒక్క పట్టు పట్టాలని ఉండాది. పెండ్లాం మొగం చూసి ఎక్కల్యా.

అప్పుడు ఏం చేసినాడంటే, పెండ్లానికి చెప్పకుండా చెన్నరాయప్ప కాడికి పోయినాడు. పోయి, అన్నా, మాకు కుదిరేటట్లు లేదు, పక్కింటోల్ల మగ్గం మీద చీర తయారుగా ఉండాదంట, ఈ యేడు వాల్లది కట్టండి, అమ్మవారికి చీర లేకుండా పోకూడదు గదా అన్నాడంట. ఆయన కూడా శానా మంచిగా మాట్లాడినాడు. ఎవరిది కట్టినా తల్లి కట్టుకుంటాది అక్కులప్పా, నువ్వేం బాధ పడద్దు, అయితే మీ వంతు ఇంగ దాటిపోయినట్టే, రేపు సాయంత్రానికి ఇంట్లో ఆలోచించి ఏదో ఒక మాట చెప్పు అని పంపించినాడు. అక్కులప్ప ఇంటికొచ్చినాడు. తిప్పక్క బయట బియ్యం చెరుగుతాండాది. అప్పుడు చెప్పినాడు, ఇట్లా పోయొచ్చినా, ఇట్లా అనొచ్చినా అని. చాట ఆగిపాయ. ఏడుస్తాదేమో అనుకున్నాడు, ఏడవల్యా. తిడతాదేమో అనుకున్నాడు, తిట్టల్యా. చాటలో బియ్యం ఒక పక్కకు ఒత్తి, ఆ బియ్యం చూస్తానే చెప్పిందంట.

"పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు వంతు పాయ. అప్పుడు నాకు తెలీలేదు, పోతే పోయిందిలే అనుకుంటి. తరవాత ప్రతి జాతరకూ నేను కొత్త చీర కట్టుకోని పోతానే, ఎవరి చీర చూసేదానికి పోతానో నీకు తెలుసునా? ఊరోల్ల చీరలన్నీ చూసినా. ఏ యేడు ఎవరిది ఏ రంగో ఇప్పుడడిగినా చెప్తా. మనది మాత్రం చూడల్యా. ఈ వంతు పోతే మల్లా వచ్చేసరికి నేనుండను, నువ్వూ ఉండవు."

అక్కులప్పకు ఈ సంగతి అప్పటిదాకా తెలీదంట. ఇన్నేండ్ల కాపురం, ఎన్నో ఏండ్లు ఒక గుంతలో పక్కపక్కన కూర్చోని నేసినోల్లు, తెలీదు. ఆయన అట్లే గడపలో కూలబడి, ఒక్క మాట చెప్పింటే గదా అన్నాడు. చెప్పింటే ఏం చేస్తాంటివి, పోయిన వంతును గూడా నీ చేత్తో బిగించి పట్టుకోనింటివా అనిందంట. ఆ మాటకు ఆయనకే నవ్వొచ్చె. నవ్వకూడదని తల దించుకున్నాడు. ఆయమ్మ గూడా మొగం పక్కకు తిప్పుకోని నవ్వింది. నవ్వినాక, రేపు పొద్దున నేనే ఎక్కుతా అనింది. నీకు మోకాల్లు నొప్పులు, ఎత్తుకు పోతే కండ్లు తిరగతాయి అని ఆయన చెప్తాంటే, చాట ఎత్తుకోని లోపలికి పాయ. ఇంగ ఆ మాటకు తిరుగు లేదు.

తెల్లారింది. తిప్పక్క తలకు పోసుకోని, కొప్పు గట్టిగా చుట్టి, చీర కుచ్చిల్లు పైకి దోపుకోనింది. ఒక గిన్నెలో కొంచెం కొబ్బరినూనె, ఒక కోడి ఈక తీసుకోనింది. హుసేనప్పను పిలిపించి మెయిన్ ఆపించి, చేతికి బ్యాటరీ లైటు ఇచ్చి, నువ్వు ఎలుతురు పట్టు నాయనా, ఇంగేం చెప్పొద్దు అనింది. చీర మీద దుప్పటి కప్పినారు. ఇద్దురూ కూర్చునే గుంత మీద అడ్డంగా పలక ఏసి, పలక మీద స్టూలు పెట్టినారు. అది కొంచెం ఊగుతాండాది. అక్కులప్ప గుంతలోకి దిగి నిలబడితే ఆయన రొమ్ముల కాడికి వచ్చిందంట స్టూలు. ఆయమ్మ ఎక్కింది. ఎక్కి నిలబడితే కాల్లు వణుకుతాండాయి. కిందనించి ఆయన, ఎట్లా పట్టుకోవాల మే అని అడిగినాడంట. ఆ మనిషి జన్మలో ఒకరిని అట్లా అడిగింది అదే మొదలు. అప్పుడు తిప్పక్క చెప్పింది.

"గట్టిగా పట్టుకో. ఎంత గట్టిగా పట్టుకుంటావో పట్టుకో. ఊడదీసేది నా పని, నేను పడకుండా పట్టుకునేది నీ పని."

రెండు చీలమండలూ పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే ఎట్లా అనుకున్నారు, ఆ స్టూలు పడినా ఆయమ్మ గాల్లో నిలబడి ఉంటాది, అట్లా. కాల్ల వణుకు ఆగిపాయ. ఇంగ ఆయమ్మ బల్బు మీద చెయ్యి పెట్టింది. తిప్పల్యా. ఊరికే ఏలు పెట్టి హోల్డరు చుట్టూ తడిమింది. నేసేవాల్ల ఏలుకు చీకట్లో గూడా తెగిన దారం తగులుతాది, ఆ ఏలు అది. ఒక చోట ఆగింది. ఇదేందయ్యా, ఇక్కడ రేకుముక్క మాదిరి ఏదో తగులుతాండాది అనింది. మల్లా అడిగింది. అప్పుడు సన్నంగా చెప్పినాడంట, మగ్గం అదురుకు బల్బు మినుకు మినుకు అంటాంటే, నూనె డబ్బా రేకు ఒకటి మడిచి సందులో దోపి బిగిస్తి, నేనే మర్చిపోతి అని. హుసేనప్పకు నవ్వాగల్యా, చేతిలో లైటు మిద్దెంతా తిరగతాండాది. మామా, తుప్పు తుప్పు అని నేను ఊరంతా చెప్పుకుంటిని గదా అన్నాడు. తిప్పక్క కొప్పులోనించి పిన్ను తీసి, ఆ రేకును అటునించి కొంచెం, ఇటునించి కొంచెం జరిపి జరిపి, నెమ్మదిగా బయటికి లాగి, కిందికి పడకుండా పండ్లతో పట్టుకోనింది. తరవాత ఈకను నూనెలో ముంచి, గిన్నె అంచుకు గీసి, చుక్క జారకుండా హోల్డరు మూతి చుట్టూ పూసింది. పూసి దిగొచ్చింది. నూనె లోపలికి పోవాల గదా, తొందరేముండాది అని, ముగ్గురికీ కాఫీ కాసి ఇచ్చి, తనూ తాగిందంట. అక్కులప్ప లోటా పట్టుకోని బల్బు దిక్కే చూస్తాండాడు. ఆయన ప్రాణానికి ఆ కాఫీ తాగేది ఒక యుగం అనుకో.

మల్లా ఎక్కింది. మల్లా పట్టుకున్నాడు. ఈ బల్బుల సంగతి మీకు తెలుసు గదా, మూతికి రెండు పక్కలా రెండు చిన్న చెవులుంటాయి, అవి పోయి లోపల కొక్కేల్లో పడతాయి. పెట్టేటప్పుడు పైకి నొక్కి తిప్పుతాం. తీసేటప్పుడు గూడా ముందు పైకే నొక్కాల, కిందికి గుంజితే ఇంగా కరుచుకుంటాది. అక్కులప్ప చేసింది ఆ గుంజుడే. నిద్రపోయే బిడ్డ పిడికిట్లో ఏదన్నా ఉంటే మీరెట్లా తీస్తారు? గుంజితే వాడు ఇంగా బిగబడతాడు. పిడికిలి మీద చెయ్యి పెట్టి, కొంచెం లోపలికి ఒత్తితే, వాడే ఇడుస్తాడు. అట్లా పైకి ఒత్తిందంట తిప్పక్క. ఒత్తి, అటు ఒక ఎంట్రుకంత, ఇటు ఒక ఎంట్రుకంత. మల్లా అటు, మల్లా ఇటు. పేరే తిప్పక్క గదా, తిప్పడం ఆమెకు రాకపోతే ఎవరికొస్తాది. లోపల ఏదో టిక్కుమనింది. ఆయమ్మ మొగంలో ఏమీ తెలీల్యా గానీ, కింద కాల్లు పట్టుకున్న అక్కులప్పకు తెలిసిందంట, ఆమె ఒల్లు వదులైపోయింది అని. కోడి కింది నుంచి గుడ్డు తీసుకున్నట్లు, బల్బును అరచేతిలోకి దించుకోనింది. పగుల్లేదు, పెచ్చు లేదు.

కొత్త బల్బు అందిచ్చినారు. పైకి నొక్కి తిప్పింది. కిందనించి మనోడు, ఇంగొంచెం తిప్పు మే అన్నాడు. చాలు అనింది. ఒక్క పట్టు అన్నాడు. చాలయ్యా అనింది. సరే అన్నాడు. మెయిన్ ఏసి, దుప్పటి తీసి, స్విచ్చి ఏసినారు. ఎలుతురు వచ్చింది. దిగు మే ఇంగ అంటే ఆయమ్మ దిగల్యా. స్టూలు మీదనే నిలబడి కిందికి చూస్తాండాది. ఏమైందంటే, గుంతలో కూర్చోని నేసేవాల్లకు చీర చేతి దూరంలో ఉన్నదే కనపడతాది, నేసిందంతా ఎప్పటికప్పుడు దోనెకు, అదే ముందరుండే గుండ్రటి దుంగకు, చుట్టుకోని పోతాంటాది. పైనించి ఆ మగ్గాన్ని, పడుగు పొడవు అంతా, ఎర్రగా, రెండు పక్కలా పచ్చగా పరుచుకోనుంటే చూసింది అదే మొదలు. ఏం మే, కండ్లు తిరగతాండాయా అని ఆయన భయపడినాడు. లేదు, కొంచెంసేపు చూడనీ అనింది. చూడనిచ్చినాడు. హుసేనప్ప లైటు ఆపి జేబులో పెట్టుకోని మెల్లగా బయటికి పాయ. ఆమె దిగేటప్పుడు, ఇంగ ఇడువయ్యా కాల్లు అంటే, నేల మీద పడేదాకా ఇడవను అన్నాడంట.

ఆ సాయంత్రం అక్కులప్ప పోయి, చీర మేమే తెస్తామన్నా అని చెన్నరాయప్పకు చెప్పొచ్చినాడు. ఇద్దురూ కూర్చోని కొంగు నేసినారు. పిందెలకు తోకలు సక్కగా పడినాయి. జాతరనాడు పల్లెంలో పెట్టుకోని, మేలాలతో తీసకపోయి ఇచ్చినారు. పూజారి తల్లికి కట్టి, తెర తీసేసరికి, ఎర్రటి చీరలో చౌడమ్మ నిండు పెండ్లికూతురి మాదిరి ఉండిందంట. ఆడోల్లంతా తిప్పక్క చుట్టూ చేరి, బాగుండాదక్కా, బాగుండాది వదినా అంటాంటే, ఆయమ్మ చేతులు జోడించుకోని చూస్తానే ఉండె. అక్కులప్పే ఆడ కనపడినోల్లనంతా పట్టుకోని, చీర ఇద్దురం నేసినామప్పా, బల్బు మాత్రం ఆమె తీసింది అని చెప్పుకుంటా తిరిగినాడంట. చీర గురించి అడిగినోనికి గూడా బల్బు సంగతే చెప్పినాడంట. రేకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పల్యా. అది హుసేనప్ప చెప్పినాడు.

ఆపైన ఊర్లో ఎవరింట్లో బల్బు కరుచుకోనినా తిప్పక్కకే కబురు. ఆయమ్మ గిన్నె, ఈక పట్టుకోని పోతాది. ఆయన్ని ఎవరూ పిలవరు, అయినా ఎనకాలే పోతాడు, కాల్లు పట్టుకునేదానికి. ఊరోల్లు ఎగతాలి చేస్తారు, ఏం అక్కులప్పా పెండ్లాం కాల్లు పట్టుకున్నావంట అని. పట్టుకోకపోతే పడదా అంటాడు. అంతే ఆ కథ. ఇప్పుడొస్తాండాయి చూడండి తెల్ల బల్బులు, ఒకతూరి పెడితే ఏండ్లకేండ్లు పోవంట. మంచిదేలే, కరెంటు గూడా తక్కువ కాలుతాదంటారు. కానీ దాంతో ఏమైందంటే, పెండ్లాం పైకెక్కి మొగుడు కింద పట్టుకునే పని ఇండ్లల్లో తగ్గిపాయ. నన్నడిగితే, ఇంటికొకటి మొండి బల్బు ఉండడమే మంచిదమ్మా.